మంగినపూడి నీళ్ళలో నా సాక్ష్యం

“ఒరేయ్ దానియేలూ! ఎక్కడికిరా ఆ నీళ్ళలోకి? ఒరేయ్, అది నా జుబ్బారా!”

ఒడ్డు మీంచి మా నాన్నగారి కేక. అప్పటికి నేను మోకాలి లోతులో ఉన్నాను. ఆ కేకకి ఆగిపోయినా బావుండేది. ఆగలేదు. అందుకే ఇవాళ గుడివాడలో నేను వీధిలోకొస్తే చాలు, జనం కిసుక్కుమంటున్నారు. వినండి మరి!

ప్రతి ఎండాకాలం మేం వెళ్ళేది మంగినపూడే. బందరు దాకా బస్సు, అక్కణ్ణించి జట్కా. అదే తాటాకు పాక. దాని గుంజ మీద చిన్నప్పట్నుంచీ నా ఎత్తు కొలిచిన గీతలు. ఇంకో ఊరు చూద్దామంటే, “సముద్రం ఎక్కడైనా ఉప్పేరా” అంటారు నాన్నగారు. ఆయన మా చర్చి సంఘానికి పెద్ద. ఎదురు చెప్పేదెవరు?

నాకూ మరో ఊరు అక్కర్లేదు లెండి. పక్క పాకలోకి మొవ్వ నుంచి ఏటా ఒక కుటుంబం వస్తుంది. వాళ్ళమ్మాయి కరుణ. మూడు వేసవులుగా చూస్తున్నాను. చూడ్డమే, మాటంటూ లేదు! ఈసారి వాళ్ళు ఆ మధ్యాహ్నమే బండి కడుతున్నారట. మళ్ళీ వేసవికి ఆ అమ్మాయి ఏ ఊరి కోడలో! ఇవాళ ఒక్క మాటైనా మాట్లాడాలి. అంతే.

ఎస్సెల్సీ తప్పి ఇంట్లో కూర్చున్నవాణ్ణి, నాకు తెలిసిందల్లా అద్దె నవలలు. వాటిల్లో హీరో తెల్లబట్టల్లో ఉంటాడు. అందుకని నాన్నగారి ఆదివారం జుబ్బా, గంజిపెట్టి ఇస్త్రీ చేసింది, తొడిగేసుకుని బయల్దేరాను.

ఒడ్డున చూస్తే, కరుణ వాళ్ళ సంఘం వాళ్ళు బళ్ళ మీద దిగి కీర్తన పాడుతున్నారు. కొంతమంది తెల్లబట్టలతో వరసగా నీళ్ళలోకి నడుస్తున్నారు. చిట్టచివర కరుణ! వాళ్ళది ముంచి బాప్తిస్మమిచ్చే సంఘమని నాకేం తెలుసు? మా గుళ్ళో బాప్తిస్మమంటే ఇత్తడి గిన్నె, తల మీద నాలుగు చుక్కలు, పసిబిడ్డ ఏడుపు. అంతే!

నడుము లోతులో నిలబడిన వాళ్ళ పాస్టరు అయ్యగారు, “ఇంకా ఎవరైనా ఉన్నారా? ఆలస్యం చేయకండి!” అని పిలిచారు. సరిగ్గా అప్పుడే కరుణ వెనక్కి తిరిగి చూసింది. నావైపే!

ఇంకేముంది, దిగిపోయాను. వెళ్ళి ఆమె వెనకాల నిలబడ్డాను.

“మీరూనా?” అంది ఆశ్చర్యంగా. మూడేళ్ళకి మొదటి మాట!

“నేనూనండీ! ఎప్పట్నుంచోనండీ!”

“మరి ఇన్నాళ్ళూ ఆగారేం?”

“ధైర్యం చాల్లేదండీ.”

“నాకూ అంతేనండీ. మునిగితే ఊపిరాడదేమోనని.”

మునగడమేంటి? తల పక్కకి వంచి ముందుకు చూద్దును కదా, అయ్యగారు ఒక పెద్దమనిషిని వెనక్కి వాల్చి నిలువునా ముంచేశారు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. పారిపోదామంటే కాళ్ళు నల్లటి ఒండ్రులో దిగబడిపోయాయి. ఈలోగా కరుణ వంతు అయిపోయింది. నీళ్ళోడుతూ లేచి, వెలిగిపోతున్న ముఖంతో ఒడ్డుకెళ్ళి నిలబడింది. అయ్యగారి చెయ్యి నా భుజమ్మీద పడింది.

“ఆగండాగండి!” నాన్నగారు పంచె ఎగ్గట్టి నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చేశారు. “వందనాలండీ అయ్యగారూ. మావాడికి నెలల పిల్లాడప్పుడే బాప్తిస్మం అయిపోయిందండీ!”

“వందనాలండీ. ఎలా ఇచ్చారండీ?”

“ఎలా ఏవిటండీ, చిలకరించి!”

“ఆ కాసిని నీళ్ళా?”

“కాసినైతే ఏవండీ? కూరలో ఉప్పు గంపెడు వేస్తామేంటి?”

“ఎంత వేసినా, ఉప్పు మునిగితేనే కదండీ కరిగేది!”

నా కుడిచెయ్యి పట్టుకుని ఒకరు, ఎడంచెయ్యి పట్టుకుని ఒకరు! వాదన ముదిరి, సముద్రం సంగతి ఇద్దరూ మర్చిపోయారు. అది మమ్మల్ని మర్చిపోలేదు. తాటిచెట్టంత అల వచ్చి ముగ్గుర్నీ కలిపి ముంచేసింది.

తేలేసరికి నాన్నగారి కళ్ళజోడు లేదు. అయ్యగారు దగ్గుతూనే నవ్వారు. “అన్నా, మీకూ అయిపోయిందండీ!”

దాంతో నాన్నగారి కోపమంతా నా మీదికి తిరిగింది. “చెప్పరా! ఎవడు దిగమన్నాడ్రా నిన్ను?”

“కోప్పడకండన్నా,” అన్నారు అయ్యగారు. “బాబూ, ఎందుకు దిగావో నీ నోటితో చెప్పు. సాక్ష్యం అందరూ వినాలి.”

ఒడ్డున కీర్తన ఆగిపోయింది. కరుణ, కరుణ వాళ్ళ నాన్న, వాళ్ళ సంఘమంతా, వేసవికొచ్చిన మా గుడివాడ వాళ్ళూ నా వంకే చూస్తున్నారు. అబద్ధమాడదామంటే అయ్యగారు ఎదురుగా ఉన్నారాయె! చెవుల నిండా నీళ్ళేమో, ఎంత గట్టిగా అరిచానో నాకే తెలీలేదు. పాకలో పొయ్యి దగ్గరున్న అమ్మకి కూడా వినపడిందట.

“కరుణగారు వెనక్కి తిరిగి చూశారండీ! అందుకని దిగానండీ!”