‘అండీ’ అని పిలిచిన పదకొండు రోజులు

నాకు సంతకం పెట్టడం వచ్చు. అంతకు మించి రాదు. కాబట్టి ఇదంతా నేను చెబుతున్నాను, రాసేవాళ్లు రాస్తున్నారు. నా గొంతు బొంగురు. చిన్నప్పటి నుంచి సముద్రపు గాలికి ఎదురు అరిచి అరిచి ఇలా అయింది. పడవల వాళ్లతో మెల్లగా మాట్లాడితే పని జరగదు.

గోదావరి సముద్రంలో కలిసే చోట మాదొక చిన్న పల్లె. నరసాపురం నుంచి ఆటోలో వస్తే రోడ్డు అయిపోయిన చోట దిగాలి. ఆ తరువాత అంతా ఇసుకే. మా ఆయన పోయి ఏడేళ్లయింది. పడవ మీద వెళ్లేవాడంటే సముద్రమే తీసుకుపోయిందని అందరూ అనుకుంటారు. కాదు. ఇంట్లో మంచం మీద, జ్వరంతో పోయాడు. ఒక్కతే కూతురు. కడియంలో ఇచ్చాను. తనూ అల్లుడూ అక్కడి నర్సరీల్లో మొక్కలకు అంట్లు కట్టే పనికి వెళతారు.

నాది మెత్తళ్లు ఎండబెట్టే పని. వేలెడంత చేపలు, ఎండితే అగ్గిపుల్లలంత అవుతాయి. పొద్దున్నే పడవలు రాగానే ఒక తట్ట తీసుకుంటాను. పాత వలలు పరిచి వాటి మీద పల్చగా చల్లుతాను. మధ్యాహ్నం ఒకసారి తిరగేయాలి. కాకుల్ని తోలుతూ ఉండాలి. సాయంత్రానికి చేత్తో పట్టుకుంటే గలగలలాడాలి. అప్పుడు గోనె సంచిలోకి ఎత్తాలి. కార్తీకంలో ఈ పని ఇంకా ఎక్కువ. లోపలి ఊళ్లలో చాలా ఇళ్లలో ఆ నెలంతా నీసు ముట్టరు కదా, పచ్చిచేప కొనేవాళ్లు తగ్గిపోతారు. చేపలకు కార్తీకం అని తెలియదు, అవి మామూలుగానే పడతాయి. పడినవన్నీ మా వలల మీదకు ఎక్కుతాయి.

నా వల పక్కనే మా వదిన వల. వదిన అంటే వరసకు కాదు, ఎదురింటి మనిషి. ముప్పై ఏళ్లుగా నేను తనను వదినా అంటాను, తను నన్ను వదినా అంటుంది. కోపం వస్తే, సంతోషం వస్తే, ఏమీ రాకపోయినా ‘ఏమే’ అంటుంది. ఒకరు వంటకు వెళితే ఇంకొకరు రెండు వలలూ చూస్తారు. ఒడ్డున బోర్లించిన పాత పడవ ఒకటుంది, పొద్దు వాలాక దానికి వీపు ఆనించి కూర్చుంటాం. గ్లాసుడు టీ, కారం వేసి వేయించిన నాలుగు మెత్తళ్లు, ఎదురుగా గాలి. ఆ పూట ఎవరింట్లో ఏం జరిగిందో అంతా అక్కడే తేలిపోతుంది. నా రోజులో నేను ఎదురుచూసే గంట అదొక్కటే.

ఇక ఫోను సంగతి. అమ్మాయి కొనిచ్చింది. నాకు అక్షరాలు రావు కాబట్టి బొమ్మలతో గుర్తు పెట్టింది. ఆటో అతనికి ఆటో బొమ్మ, అల్లుడికి మోటారుసైకిలు, తనకు ముద్దబంతి పువ్వు. ఆ పువ్వు నొక్కి, మైకు మీద వేలు పెట్టి మాట్లాడితే చాలు, నా మాట కడియం వెళుతుంది. రోజూ ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఉన్నదానికి నాలుగు కలిపి చెబితే అది పగలబడి నవ్వేది. ఆ నవ్వు మళ్లీ ఫోనులో నాకు వచ్చేది. వంట చేసుకుంటూ రెండు మూడుసార్లు పెట్టుకుని వినేదాన్ని.

దసరాకు అమ్మాయి వచ్చినప్పుడు రెండు బంతి మొక్కలు తెచ్చింది. ఒకటి మా గుమ్మం దగ్గర, ఒకటి వదిన గుమ్మం దగ్గర పాతాం. వదిన మొక్కే ముందు పూసింది. ఆ ముచ్చటకు తన పువ్వును ఫోటో తీయించి, తన ఫోనుకు బొమ్మగా పెట్టించుకుంది. ఆ సంగతి నాకు తెలియదు.

ఒకరోజు కళ్లు చూపించుకోవడానికి నరసాపురం వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. నా మెత్తళ్లు సంచిలోకి ఎత్తి, మూతి కట్టి, గుమ్మంలో పెట్టి ఉన్నాయి. పక్కన మూత పెట్టిన స్టీలు గిన్నె. ఉప్పుచేప, వంకాయ పులుసు. వదినే పెట్టింది. అన్నంలో కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు కషాయం.

అమ్మాయిని నవ్వించాలని ఫోను తీశాను. పైనే బంతి పువ్వు కనిపించింది. నొక్కాను.

“ఇదిగో అమ్మాయ్, మీ అత్త పులుసు పెట్టిందే. నోట్లో పెడితే సముద్రం. కుక్కకి పోశాను. అది నాకో దణ్ణం పెట్టి కుళాయి కాడికి పోయింది. ఆవిడకేంటిలే, ఎలా వండినా తినడానికి మొగుడున్నాడు, నాలిక చచ్చినోడు.”

నవ్వు రాలేదు. పనిలో ఉంది కాబోలు అనుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున వల పరుస్తుంటే వదిన వచ్చింది.

“వదినా, టీ తాగావా?” అన్నాను.

“ఆయ్. తాగానండి. మీరు తాగారా అండి?” అంది.

మా వైపు అందరికీ అండీ అంటాం. బస్సు కండక్టరుకు, కూరగాయల అమ్మాయికి, తెలియనివాళ్లకు. వదిన నోట్లోంచి నాకు మాత్రం ముప్పై ఏళ్లలో ఎప్పుడూ రాలేదు. ఎటకారం అనుకుని నవ్వాను. తను నవ్వలేదు.

“ఏంటే, ఏమైంది?”

“ఏం కాలేదండి. కాకులొస్తున్నాయి, చూసుకోండి.”

మధ్యాహ్నం అమ్మాయి ఫోను చేస్తే అడిగాను, నిన్నటి మాట విన్నావా అని. ఏ మాట అంది. ఫోను పట్టుకెళ్లి ఆటో అతనికి చూపించాను. “ఇది మీ అమ్మాయికి పోలేదండి. ఎదురింటావిడకి పోయింది. విన్నట్టు గుర్తు కూడా పడింది,” అన్నాడు.

ఆ సాయంత్రమే గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని గుప్పెడు మెత్తళ్లు వేశాను. వదిన గుమ్మంలోనే నిలబడింది. “మీకెందుకండీ శ్రమ. అక్కడ పెట్టండి,” అంది. అన్నయ్య, అంటే వాళ్లాయన, లోపల మంచం మీద కూర్చుని నా వైపు చూడలేదు. అప్పుడు తెలిసింది, ఆయన కూడా విన్నాడని. మర్నాడు గిన్నెలో వేసిన మెత్తళ్లు కాగితంలో చుట్టి మా గుమ్మంలో ఉన్నాయి.

తిట్టినా బాగుండేది. జుట్టు పట్టుకున్నా బాగుండేది. తిట్టుకు తిట్టు నా దగ్గర ఉంది. అండీకి ఏం జవాబు చెప్పను? నా వల మీద కాకులు వాలితే తోలేది. “మీ చేపలు తిరగేశానండి,” అని చెప్పేది. పనిలో లోటు లేదు. సాయంత్రం మాత్రం పడవ దగ్గరికి వచ్చేది కాదు. నేనొక్కదాన్నే కూర్చుని టీ తాగాను, రెండు రోజులు. మూడో రోజు నుంచి నేనూ వెళ్లలేదు. అమ్మాయికి ఫోనులో చెప్పడానికి కూడా ఏమీ లేకపోయింది.

ఒకరోజు కుళాయి దగ్గర అన్నయ్య ఎదురయ్యాడు. తలవంచుకుని పోబోతుంటే ఆయనే ఆగాడు.

“ఆ రోజు నీ చేపలూ తన చేపలూ ఎత్తేసరికి చీకటి పడిందమ్మా. ఉప్పుచేప నానబెట్టడానికి టైము లేదు. నువ్వు అలిసిపోయి వస్తావని అలాగే వండేసింది. నేను నోరెత్తకుండా తిన్నాను. నాలిక చచ్చిందని కాదు,” అని బిందె ఎత్తుకుని వెళ్లిపోయాడు.

నా బిందె నిండి పొర్లిపోతున్నా చూడలేదు.

పదకొండో రోజు. మధ్యాహ్నం దాకా ఎండ బాగానే ఉంది. అన్నం తిని గుమ్మంలో కాస్త ఒరిగాను. కళ్లు మూతపడ్డాయి. అప్పుడు వినిపించింది, ఊరంతా వినబడేట్టు.

“ఏమే! చచ్చావా లోపల? వానొచ్చేస్తోంది, రావే!”

లేచి చూస్తే సముద్రం మీద నల్లగా పట్టేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. వదిన అప్పటికే ఒక వల కొసలు పట్టుకుంది. అది తన వల కాదు, నాది. నేను రెండో కొస పట్టుకున్నాను. చేపలన్నీ మధ్యకు చేర్చి, మూట కట్టి, పడవ కిందకు తోశాం. తన వల పట్టేసరికి చినుకులు పడ్డాయి. సగం తడిశాయి. ఇద్దరం కూడా పడవ కిందకే దూరాం, మోకాళ్లు గడ్డాలకు ఆనేట్టు.

“నీవి ముందు ఎత్తుకోవాల్సింది కదే,” అన్నాను.

“నోరు ముయ్యవే. చేతికి అందింది ఎత్తాను.”

వాన ఇసుక మీద కొడుతోంది. ఇక ఆగలేక అన్నాను. “వదినా, ఆ పులుసు నేను కుక్కకి పొయ్యలేదే. తినేశాను. అమ్మాయి నవ్వుతుందని అలా అన్నాను.”

“తెలుసు. కుక్క ఆ పూటంతా మా గుమ్మంలోనే పడుకుంది.”

“మరి తెలిసీ ఇన్నాళ్లు...”

“కుక్క సంగతి ఎవరడిగారు? ఆ రెండో మాట. మొగుడున్నాడు అన్నావు చూడు. అదేదో నేను చేసిన నేరమైనట్టు.”

నాకొక్కదానికి చేప తెచ్చుకుని వండుకోబుద్ధి కాదు. ఉప్పెక్కువైందనీ తక్కువైందనీ చెప్పేవాళ్లు లేని వంట ఏడేళ్లుగా వండుతున్నాను. అంత చెప్పడం నాకు చేతకాలేదు.

“కుళ్లే,” అన్నాను. “కుళ్లుతో అన్నాను.”

“అలా చెప్పు,” అంది. తడి కొంగు పిండుకుంది. “మీ అన్నయ్యకి కూడా ఓ మాట చెప్పు. నాలిక బయటపెట్టి అద్దంలో చూసుకుంటున్నాడు పాపం.”

వాన తగ్గాక ఇళ్లకు వెళ్లాం. నేను అన్నయ్య దగ్గరికి వెళ్లి తప్పయిందని చెప్పాను. ఆయన “సర్లేమ్మా” అన్నాడు.

తడిసిన చేపలు అమ్మకానికి పనికిరావు కాబట్టి ఆ పూటే వదిన పులుసు పెట్టింది. స్టీలు గిన్నెతో వచ్చి నేను ముద్ద కలిపే దాకా ఎదురుగా కూర్చుంది.

“చెప్పు.”

“ఉప్పు తక్కువైంది.”

“అయితే కుక్కకి పొయ్యి,” అంది.

అంతా తిన్నాను. గిన్నె కడిగి, ఖాళీగా ఇవ్వకుండా, మా మొక్కకు పూసిన నాలుగు బంతిపూలు వేసి ఇచ్చాను. అమ్మాయి తన బొమ్మను గులాబీగా మార్చింది. బంతి పువ్వు ఇప్పుడు వదినదే. అయినా ఎదురింట్లోనే ఉంటుంది కదా, నొక్కేది లేదు, గుమ్మంలో నిలబడి అరుస్తాను.