ఇప్పపువ్వు కింద నీలి స్ఫటికాలు

ఉదయం ఆరు పదికి ఖమ్మంలో మణుగూరు బస్సెక్కాను. ఒళ్లో రెండేళ్ల పాప, సంచిలో దాని నెబ్యులైజర్. ఆయాసం వస్తే మందును ఆవిరిలా పట్టించే మిషన్ అది. కరెంటు లేకపోతే పనిచేయదు. పినపాక దాటాక అడవి అంచున ఉన్న ఊళ్లో మా ఆయన టీచరు. జూన్‌లో మేమూ అక్కడికి మారగలమా లేదా తేల్చుకోవడానికే ఈ ప్రయాణం. కరెంటు పోయినా బడిలో సోలార్ ఉందని ఆయన ధైర్యం.

ఆధార్ మర్చిపోకండి, ఆడవాళ్లకు టికెట్ ఉచితం. కొత్తగూడెంలో ఇడ్లీ తిన్నాం. పక్కసీటు పెద్దాయన, "గంత చిన్నపిల్లతోని అడివికా? ఏందమ్మా నీ ధైర్యం!" అన్నాడు.

మణుగూరు నుంచి ఆటో. పదకొండున్నరకు ఊరు చేరేసరికి దుమ్ముకు పాపకు పిల్లికూతలు మొదలయ్యాయి. కరెంటు లేదు. బడిలో ఇన్వర్టర్ మీద ఎర్రలైటు, అంటే బ్యాటరీ ఖాళీ.

"రెండ్రోజులు సెలవు, నేను చూసుకోలేదు" అంటూ మా ఆయన బడి పెరట్లోకి పరుగెత్తారు. నేలకు దగ్గరగా బిగించిన సోలార్ పలక నిండా ఇప్పపువ్వు ఎండుతోంది. పక్కింటి ముత్తమ్మవ్వ తాపీగా పువ్వు తిరగేస్తోంది.

"పువ్వు ఎండేసే తడిక చెదలు తినె సారూ. గిదైతే అద్దం లెక్క నున్నగుంటది, జల్దీ ఎండుతది."

"దానికీ ఎండ కావాలవ్వా!"

"గింత ఎండల దానికి తక్కువైందా?" అని నవ్వబోయి, పాప ఊపిరి చప్పుడు విని ఆగిపోయింది. రెండు చేతులా పువ్వంతా కొంగులోకి ఊడ్చి, జిగురు తుడిచింది.

పచ్చలైటు వచ్చేదాకా ఆగాలి. నిలబడలేక పాపను భుజాన వేసుకుని పలక చుట్టూ తిరిగాను. అప్పుడు చూశాను. ఆ నీలం ఒక్క నీలం కాదు. పగిలి మళ్లీ అతుక్కున్న మంచుగడ్డలా వందల ముక్కలు. కరిగిన సిలికాన్ చల్లారేటప్పుడు చాలాచోట్ల స్ఫటికాలు మొలిచి, ఎదిగి, ఒకదాన్నొకటి ఆనుకుని ఆగిపోతాయని, ఒక్కోదాని అమరిక ఒక్కో వైపు తిరిగి ఉంటుందని డిగ్రీ పరీక్షలో రాశాను. కళ్లతో చూడటం ఇదే మొదటిసారి. ఒక్క అడుగు వేస్తే నల్లటి ముక్క వెండిలా వెలిగింది, వెలుగుతున్నది ఆరిపోయింది. పాప ఏడుపు ఆపి చెయ్యి చాపింది.

ముత్తమ్మవ్వ నా వెనకే నడిచింది. "ఓయమ్మ, ఇవి కదుల్తున్నయా ఏంది?"

"కదిలేది మనమే అవ్వా."

"అవ్! రోజూ దీని పక్కపొంటే పోత, ఒక్కనాడు సూడకపోతి."

అరగంటకు పచ్చలైటు వెలిగింది. మిషన్ బుర్రుమంది. కాసేపటికి పాప ఛాతీలో కూతలు తగ్గాయి.

నాలుగింటికి మణుగూరులో తిరుగు బస్సు. పాప ఒళ్లో నిద్రపోయింది. ఆ అరగంట భయం నన్నింకా వదల్లేదు, ఆ నీలమూ వదల్లేదు. పాల్వంచ దాటాక ఆయనకు ఫోన్ చేశాను.

"జూన్‌లో వస్తాం. ఈలోగా ముత్తమ్మవ్వకు కొత్త తడిక అల్లించండి."