గుట్ట మీద ఆడబిడ్డల సీతాఫలం చెట్లు

సంగారెడ్డి వైపు గుట్టలెక్కి సీతాఫలాలు తినాలని చాలామంది నన్ను దారి అడుగుతున్నారు. చెబుతాను గానీ, ముందు నేను మొదటిసారి వెళ్లిన సంగతి వినాల్సిందే. పందొమ్మిది వందల యాభైల నాటి మాట. అప్పుడు పటాన్‌చెరులో పొగగొట్టాలు ఎక్కడివి, చూసినంత మేరా జొన్నచేలే! మా పక్కింటి లచ్చవ్వక్క గుట్ట మీది పల్లెలో పుట్టిన మనిషి. బతుకమ్మ పండుగ ముందు ఆమె తమ్ముడు ఎల్లయ్య కబురు పంపాడు, చెట్టు సంగతి మాట్లాడాలి, జల్దీ రమ్మని. "నువ్వు గూడ రా చెల్లె, కడుపు నిండ సీతాఫలాలు తినిపిస్త" అంది అక్క. తిండి అంటే నేనెప్పుడూ ముందే, ఇంకేం కావాలి!

పొద్దున ఆరింటి బస్సెక్కాం. సంగారెడ్డికి కండక్టరు ఆరణాలు తీసుకున్నాడు. దిగాక మహబూబ్ సాబ్ ఎడ్లబండి కిరాయికి మాట్లాడుకుంటే గుట్ట కిందికి చేరేసరికి రెండు గంటలు పట్టింది. పైదాకా బండి రాదా అని అడిగాను. "బండి ఏందమ్మా, గీడ మేక సుత ఆలోచన జేసి ఎక్కుతది" అని నవ్వాడాయన.

సగం ఎక్కేసరికి ఎటు చూసినా సీతాఫలం చెట్లే. పండిన కాయ కనిపించి చెయ్యి చాపానో లేదో, అక్క టక్కున కొట్టింది. "ఆగు! గది ఎవరి చెట్టో ఎర్కేనా నీకు?" అక్కడ ఆడపిల్ల పుడితే ఒక చెట్టు ఆమె పేర పెడతారట. పెళ్లై ఏ ఊరు పోయినా ఆ చెట్టు ఆమెదే. మొదటి కాయ ఆమె తెంపాలి, లేదా తెంపమని కబురు పంపాలి. ఆమె ఊ అననిదే గొడ్డలి తగలకూడదు. అందుకే గుట్టంతా అంత పచ్చగా ఉందని నాకప్పుడు తెలిసింది.

ఎల్లయ్య జొన్నరొట్టె, చింతకాయ తొక్కు పెట్టాడు. మేం తిన్నాక అసలు మాట ఎత్తాడు. పట్నం కాంట్రాక్టరు ఒకడు గుట్ట మీది చెట్లన్నీ బొగ్గుకు అడుగుతున్నాడు. ఇస్తే పైదాకా బండి బాట వేస్తానన్నాడు.

"ఆడబిడ్డలందరు నీ మాట మీదనే ఉన్నరు. నువ్వే పెద్దదానివి, ఒప్పుకో అక్కా."

"చెట్లన్ని పోతే గుట్టకు ఏముంటదిరా?"

"పోయిన వానకాలం నొప్పులొస్తే నా ఇంటిదాన్ని మంచం మీద మోసుకొని దిగినం. సగం తొవ్వలనే పానం వాయె. బాట ఉంటే బతుకుతుండె."

అక్క తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని అడిగింది.

"బండి పైకి రావాలంటే యాడికెల్లి రావాలె?"

"నీ చెట్టు కాడికెల్లే. రెండు దిక్కుల గుండ్లున్నయి, ఇంకో తొవ్వ లేదు."

"అయితే గదొక్కటి కొట్టుండ్రి. తతిమ్మ పిల్లల చెట్లు ముట్టొద్దు. కాంట్రాక్టరెందుకు? మన బాట మనమే ఏస్కుందం."

"అమ్మ పెట్టిన చెట్టు అక్కా..."

"అమ్మ ఉంటే గూడ గిదే అంటుండె."

ఆ చెట్టుకున్న కాయలన్నీ తనే కోసి ఊరందరికీ పంచింది. నాకు పండింది ఏరి ఇచ్చింది. తిండిపోతునైన నేనే ఒక్క తొన నోట్లో పెట్టుకుని బావురుమన్నాను. "గిట్ల ఏడ్సుకుంట తింటే గింజలు మింగుతవే పిచ్చిదానా" అని నవ్వుతూనే, మొదటి గొడ్డలి దెబ్బకు మొహం అటు తిప్పుకుంది.

ఊరోళ్లు రెండు ఎండాకాలాలు రాళ్లు మోసి బాట వేసుకున్నారు. ఇప్పుడు పటాన్‌చెరు దాటాక ముత్తంగి కాడ లారీల మధ్య ఇరుక్కున్నప్పుడల్లా ఆ జొన్నచేలు, ఆ ఎడ్లబండి గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది. గుట్ట మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. అక్క బతికినన్నాళ్లూ ఏటా పుట్టింటికి పోయింది, తనకంటూ చెట్టు లేకపోయినా.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. బతుకమ్మకూ దీపావళికీ మధ్య వెళ్లండి, మీ అంతట మీరు కాయ తెంపకండి. అడిగితే వాళ్లే తెంపి ఇస్తారు. కాకపోతే కాస్త ఓపిక పట్టాలి. ఏ ఆడబిడ్డ చెట్టైనా సరే, మొదటి కాయ లచ్చవ్వ పేరు మీద తీసి పక్కన పెట్టాకే రెండోది ఎవరి చేతికైనా ఇస్తారు.