భుజం మీది పట్టీ

అయూబ్‌ని సైన్యంలోకి తీసుకోకపోవడానికి ఛాతీ కొలత తక్కువ కావడమే కారణమని ఊళ్ళో అందరూ అనుకునేవారు. ఆ మాట చెప్పింది అయూబే. నిజానికి గుంటూరులో జరిగిన సైన్యం భర్తీ ర్యాలీలో అతని ఛాతీ సరిపోయింది, ఎత్తు సరిపోయింది, పదహారు వందల మీటర్ల పరుగులో మొదటి పదిమందిలో వచ్చాడు. ఆఖర్న మెడికల్ గదిలో డాక్టరు ఒక పుస్తకం తెరిచి, చుక్కల మధ్య ఏ అంకె ఉందో చెప్పమన్నాడు. అయూబ్‌కి చుక్కలు కనిపించాయి గానీ అంకె కనిపించలేదు. డాక్టరు పేజీ తిప్పాడు. అక్కడా లేదు.

"ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు నీకు," అన్నాడు డాక్టరు, కాగితం మీద ఏదో రాస్తూనే. "ఇది మందులతో పోయేది కాదు. తర్వాతి వాళ్ళని రమ్మను."

బయట అతని స్నేహితుడు లక్ష్మీకాంత్ ఎదురుచూస్తున్నాడు. అతను పరుగులోనే వెనకబడి ఎంపిక కాలేదు. ఏమైందని అడిగితే, "ఛాతీ రా, ఒక్క సెంటీమీటరు తక్కువైంది," అన్నాడు అయూబ్. మిరప చేల మధ్య పుట్టి ఎరుపేదో తెలియదని చెప్పుకోవడం కంటే ఆ అబద్ధమే అతనికి తేలికనిపించింది.

తర్వాత పెదకాకాని దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు మోసే పనిలో చేరాడు. మధ్యాహ్నం రెండింటికి పని అయిపోయేది. ఒంటికంటిన ఘాటు పోయేదాకా స్నానం చేసి, అన్నం తిని, ఫోన్ పట్టుకుని డాబా మెట్ల మీద కూర్చునేవాడు. ఫోన్లో 'సరిహద్దు దళం' అనే యుద్ధం ఆట. నలుగురు ఒక జట్టు. లక్ష్మీకాంత్ నాయకుడు. డిగ్రీ చదివే భవ్య, కనిగిరిలో ట్రాక్టర్లు బాగుచేసే చెంచయ్య మిగతా ఇద్దరు. అందరిలోకీ అయూబ్ గురి గొప్పది. "వీణ్ణి వదులుకున్నందుకు ఆర్మీవాళ్ళు ఏడవాలి," అనేవాడు లక్ష్మీకాంత్. ఆ మాట వినడం కోసమే అయూబ్ పొద్దున్నుంచీ బస్తాలు మోసేవాడంటే అబద్ధం కాదు.

ఆ ఆటలో మనవాళ్ళ తలల మీద పేర్లు కనిపిస్తాయి. పేరుంటే మనవాడు, లేకపోతే శత్రువు. రంగుతో పనిలేదు. రెండేళ్ళు అలా గడిచాయి.

డిసెంబరు చివర విజయవాడలో పోటీ పెడుతున్నారని నెల ముందు తెలిసింది. అందులో పేర్లుండవు. దాన్ని 'అసలు యుద్ధం' పద్ధతి అన్నారు. రెండు జట్లకీ ఒకే మట్టిరంగు దుస్తులు. భుజం మీద చిన్న పట్టీ ఉంటుంది, మనవాళ్ళకి ఆకుపచ్చ, అవతలివాళ్ళకి ఎరుపు. మన తూటా మనవాడికి తగిలినా చస్తాడు.

మొదటిరోజు సాధనలోనే అయూబ్ భవ్యని కాల్చాడు.

"అన్నా, నేను," అంది భవ్య ఇయర్‌ఫోన్లో, నవ్వుతూ.

రెండోరోజు చెంచయ్యని కాల్చాడు. మూడోరోజు మళ్ళీ భవ్యని. ఈసారి ఆమె నవ్వలేదు. వారం తిరిగేసరికి గోడ వెనక నుంచి ఎవరు తల ఎత్తినా అయూబ్ వేలు తెర మీదే ఆగిపోయేది. అన్ని పట్టీలూ అతనికి ఒకటే ఎండుటాకు రంగు. కాల్చకుండా ఆగితే అవతలివాడు కాల్చేవాడు. కాలిస్తే తనవాడు కూలేవాడు.

"ఏరా, కావాలనే చేస్తున్నావా?" అన్నాడు లక్ష్మీకాంత్.

"తొందరలో పొరపాటైంది రా."

"రోజూనా?"

అయూబ్ ఒక నోటుబుక్కు కొన్నాడు. భవ్య మలుపు తిరిగే ముందు ఒకసారి కూర్చుంటుంది. చెంచయ్య ఊరికే గెంతుతుంటాడు. లక్ష్మీకాంత్ ఎప్పుడూ ఎడమ గోడ పట్టుకుని నడుస్తాడు. ఇలా ఒక్కొక్కరి అలవాటూ రాసుకుని బట్టీ పట్టాడు. నాలుగు రోజులు పనిచేసింది. అయిదోరోజు అవతలి జట్టులో గెంతేవాడు ఒకడు తగిలాడు.

ఆట తయారుచేసిన కంపెనీకి ఉత్తరం రాశాడు. పేర్లు అక్కర్లేదు, ఒక జట్టుకి ఒక గీత, ఇంకో జట్టుకి రెండు గీతలు పెట్టండి చాలు అని. పది రోజులకి జవాబొచ్చింది. 'యుద్ధంలో సైనికుడి తల మీద పేరు రాసి ఉండదు. ఆ భయమే ఈ పద్ధతి ప్రత్యేకత. మీ సూచనకు ధన్యవాదాలు.' తను అడగనిదానికి చెప్పిన ఆ జవాబుని అయూబ్ అయిదారుసార్లు చదివాడు. అసలు యుద్ధానికి పనికిరావన్నారు, ఆటకొస్తే ఇక్కడా అసలు యుద్ధమే కావాలంటున్నారు, ఇంక తను ఎక్కడికి పోవాలి?

ఆ మధ్యాహ్నం అతను మెట్ల మీద తల పట్టుకుని కూర్చుంటే తల్లి జోహరాబీ వచ్చి పక్కన కూర్చుంది. దాచే ఓపిక లేక ఆమెకి చెప్పేశాడు.

"నాకు తెలుసు," అందామె. "నీ ఎనిమిదో ఏట కోతకి తీసుకెళ్తే పండుతోపాటు పచ్చికాయా కోసి గంప నింపావు. ఆసామి అరిచాడు. మా నాయనా అంతే. ఆయన్నెవరూ మిరప కోతకి పిలిచేవాళ్ళు కాదు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా? ర్యాలీ కోసం ఏడాది పరిగెత్తానే."

"నువ్వు పరిగెడుతుంటే చూసి చెప్పలేకపోయాను," అంది జోహరాబీ. "తల్లి నుంచే వస్తుందంట ఇది. నేనిచ్చిందే." ఆమె లేచి లోపలికి పోయింది. అయూబ్ ఆమె వెనకే వెళ్ళలేదు.

ఆ రోజే జట్టుకి చెప్పి ఉండాల్సింది. చెబితే తనని తీసేస్తారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ పోటీ రోజుదాకా లాక్కొచ్చాడు.

విజయవాడ హాల్లో రెండొందల మందిదాకా కూర్చున్నారు. ఆట పెద్ద తెర మీద అందరికీ కనిపిస్తోంది. మొదటి రౌండులో పొగలోంచి ఒకడు పరిగెత్తుకొచ్చాడు. ఎడమ గోడ లేదు, అదంతా మైదానం. అయూబ్ కాల్చాడు. తెర మీద లక్ష్మీకాంత్ బొమ్మ బోర్లా పడింది. హాలంతా నవ్వింది.

లక్ష్మీకాంత్ ఇయర్‌ఫోన్ తీసి లేచాడు. "చెప్పరా. అవతలివాళ్ళు ఏమన్నా ఇచ్చారా నీకు?"

"నాకు ఎరుపూ పచ్చా ఒకటేలా కనిపిస్తాయిరా. ఆర్మీలో పోయింది కూడా అందుకే. ఛాతీ కాదు."

"ఇప్పుడా చెప్పేది? నలుగురం నెల రోజులు కష్టపడింది ఇందుకా?" అన్నాడు లక్ష్మీకాంత్.

రెండో రౌండుకి భవ్య ఒక దారి చూపించింది. "మేం ఎక్కడున్నామో చెబుతూ ఉంటాం. మేం చెప్పని చోట ఎవరున్నా కాల్చేయన్నా." కాసేపు బాగానే సాగింది. తర్వాత ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. బావి దగ్గర ఒకడు నిలబడ్డాడు. "బావి దగ్గర ఎవరు?" అని అడిగాడు అయూబ్. "ఎవర్రా బావి దగ్గర?" అని మళ్ళీ అడిగాడు. జవాబు వచ్చేలోపల బావి దగ్గరవాడు అయూబ్‌ని కాల్చాడు. జట్టు ఓడిపోయింది.

తిరుగు బస్సులో లక్ష్మీకాంత్ ముందు సీట్లో విడిగా కూర్చున్నాడు. మంగళగిరి దాటాక భవ్య వెనక్కి వచ్చింది. గీతలు పెట్టమని రాస్తే కంపెనీ ఇచ్చిన జవాబుని అయూబ్ ఆమెకి ఫోన్లో చూపించాడు.

"వాళ్ళు రాసింది తప్పన్నా," అంది. "నిజంగా చేలో నడిచొచ్చేవాణ్ణి పావు మైలు దూరం నుంచి నడక చూసి చెబుతాం, ఫలానా వాళ్ళబ్బాయని. ఫోన్లో మనిషి గోరంత ఉంటాడు. నడకేం కనపడుద్ది? పేరుంటే గోడ అవతలున్నా తెలిసిపోద్ది, అదీ బాలేదు. కానీ పేరు తీసేస్తే దాని బదులు ఇంకోటి ఇవ్వాలిగా."

"వాడేమంటున్నాడు?" అని అడిగాడు అయూబ్, ముందు సీటు వైపు చూస్తూ.

"నీ బదులు వేరేవాళ్ళని చూస్తాడంట."

నిజంగానే చూశాడు. సంక్రాంతి లోపల జట్టులోకి నరసరావుపేట కుర్రాడు వచ్చాడు. లక్ష్మీకాంత్ ఎదురుపడితే పలకరిస్తాడు, బండి ఆపడు. గీతల గురించి భవ్య పోటీ నిర్వాహకులకి రాసిన ఉత్తరానికి పరిశీలిస్తామని జవాబొచ్చింది. అక్కడితో సరి.

నెలన్నర అయూబ్ ఆట తెరవలేదు. బస్తాలు మోసి వచ్చి పడుకునేవాడు. తల్లితో మాటలు తగ్గించాడు. ఆ సంగతి తనకే తెలిసి, ఒకరోజు ఆమె చేతిలోంచి నీళ్ళ బిందె అందుకుని లోపల పెట్టి, "నీ తప్పు కాదులే అమ్మా," అన్నాడు. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మళ్ళీ 'అసలు యుద్ధం' తెరిచాడు. ముక్కూమొహం తెలియని ముగ్గురు జట్టుగా కలిశారు. మొదలయ్యే ముందు అయూబ్ గొంతు సవరించుకుని, "అన్నా, నాకు ఎరుపూ పచ్చా తేడా తెలియదు. మీరు ఎక్కడున్నారో చెబుతూ ఉండాలి," అన్నాడు.

ఒకడు వెంటనే వెళ్ళిపోయాడు. రెండోవాడు నవ్వి వెళ్ళిపోయాడు.

మూడోవాడు ఉన్నాడు. "నేను నీ కుడిపక్క ట్యాంకు దగ్గరున్నా," అన్నాడు ఆ గొంతు. "కదిలితే చెబుతా."