పూట మానేకొద్దీ పెరిగిన బరువు

మే నెల మిట్టమధ్యాహ్నం నాకు చలేసింది.

రాజాంలో ఆ వారమంతా వడగాలులు. ఇంట్లో అందరూ ఫ్యాన్ కిందికి చేరి మెడ మీద తడిగుడ్డలు వేసుకుంటే, నేను ఏడు నెలల పాపను ఒళ్లో పెట్టుకుని దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. ఫ్యాన్ కాస్త తగ్గించమని అడిగాను. మా అత్తగారు నన్ను కిందికీ పైకీ చూసి, "ఇంత ఒల్లుండి సలేటే నీకు?" అన్నారు. మావారు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ వేళ్ల చివర్లు నిజంగానే చల్లబడి ఉన్నాయి. ఒంట్లో ఏదో తేడాగా ఉందని మొదటిసారి అనిపించింది ఆ రోజే.

అంతకుముందు సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు. మావారు ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ, ఆటల మాస్టారు. పొద్దున్నే లేచి పరుగెత్తే మనిషి, పొట్ట ఉన్నవాళ్లంటే చులకన. నాకు సిజేరియన్ అయ్యి, నెల్లిమర్లలో మా అమ్మానాన్నల దగ్గర మూడు నెలలుండి, జనవరిలో పాపతో రాజాం వచ్చాను. వచ్చిన మొదటి ఆదివారమే ఆయన బరువు చూసే మెషీన్ హాల్లో పెట్టి నన్ను ఎక్కమన్నారు. పక్కవాటాలో అద్దెకుండే ఆవిడ కూడా అక్కడే ఉంది. డెబ్బై తొమ్మిది. ఆ అంకెను గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి, "మెల్లగా ఇంట్లోనే తగ్గిద్దాం. నెలకి ఒక కేజీ సాలు" అన్నారు.

నిజం చెప్పాలంటే నాకూ తగ్గాలనే ఉంది. పెళ్లికి ముందటి జాకెట్లు ఒక్కటీ పట్టేవి కాదు. మేడ మెట్లు ఎక్కితే ఆయాసం. నెలకి ఒక కేజీ అన్న మాట న్యాయంగానే ఉందనిపించింది. మొదట డాబా మీద నడక, రాత్రి అన్నం బదులు రెండు చపాతీలు. అక్కడ ఆగి ఉంటే ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. నెల తిరిగేసరికి రెండు కేజీలు తగ్గాను. దాంతో ఆయనకు హుషారు వచ్చింది. స్కిప్పింగ్ తాడు తెచ్చారు. స్కూల్ పిల్లలకు ఊదే విజిల్ నాకూ ఊదడం మొదలుపెట్టారు. నలభై గుంజీళ్లు, నూరు గెంతులు, వెల్లకిలా పడుకుని పైకి లేచే క్రంచెస్. కుట్టు దగ్గర లాగుతోందంటే, లాగితేనే కరుగుతుందన్నారు. మార్చికి రాత్రి తిండి మొత్తం ఆపేయించారు. పాప మాత్రం నా పాలే తాగుతోంది.

నాలుగు కేజీలు తగ్గాక ముల్లు ఆగిపోయింది. ఏప్రిల్లో పైకి కదిలింది. తినేది ఒక్కపూట. పెరిగింది కేజీన్నర. ఇది ఎలా జరుగుతుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. వాళ్లకు మాత్రం కారణం దొరికింది. నేను దొంగతనంగా తింటున్నాను.

ఆ రోజు నుంచి వంటింట్లో డబ్బాలు లెక్కలోకి వచ్చాయి. సున్నుండల డబ్బా అత్తగారి గదిలోకి వెళ్లింది. ఒక మధ్యాహ్నం పాపకు రాగిజావ పెడుతున్నాను. రుచి చూద్దామని ఒక చెంచా నోట్లో వేసుకోవడం అత్తగారు చూశారు. సాయంత్రం ఆయన వచ్చేదాకా ఆగి ఆయన ముందే అడిగారు: "గుంటకి కలిపిన జావ కూడా నువ్వే తాగేత్తన్నావేటి?" ఆయన గిన్నె తీసుకుని ఆ పూట పాపకు తనే పెట్టారు. నేను గోడకానుకుని నిలబడ్డాను. మర్నాటి నుంచి నేను పెట్టేటప్పుడు ఎవరో ఒకరు ఎదురుగా కూర్చునేవారు.

మా అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. "అల్లుడుగారు నీ మంచికే సెప్తన్నారు. రెండు నెలలు నోరు కట్టుకో" అంది. ఆ తర్వాత ఈ విషయం అమ్మతో చాలాకాలం ఎత్తలేదు.

మే అంతా చలి. జుట్టు దువ్వెన నిండా వచ్చేది. గొంతు బొంగురుపోయింది. ముఖం ఉబ్బి పొద్దున్నే కళ్లు తెరుచుకునేవి కావు. మోషన్ నాలుగైదు రోజులకొకసారి. మంచం మీంచి లేస్తుంటే బొడ్డు పైన నిలువుగా ఒక గట్టులా పొంగేది. ఇవన్నీ ఒక్కొక్కటీ ఇంట్లో చెప్పాను. ఉబ్బును కొవ్వన్నారు. నీరసాన్ని బద్ధకమన్నారు. పొట్ట మీద గట్టు చూపిస్తే ఆయన, "అదే, క్రంచెస్ ఇంకా గట్టిగా సెయ్యాల" అన్నారు.

జూన్లో పాలు తగ్గాయి. పాప ఐదు నిమిషాలు చప్పరించి, రాకపోతే వెనక్కి వాలి ఏడ్చేది. అప్పుడే కింద రెండు పళ్లు వచ్చాయి. ఒకరోజు పదకొండు గంటల వేళ పాలకోసం పీకి పీకి, గట్టిగా కొరికింది. నేను కొట్టాను. చెంప మీద, చేత్తో, ఎనిమిది నెలల పిల్లను. ఒక్క క్షణం ఊపిరి ఆపి నన్ను చూసి, అప్పుడు ఏడ్చింది. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆకలి నాకెంత ఉందో దానికీ అంతే ఉందని నాకు తెలుసు. తెలిసే కొట్టాను. నాకు జరిగినదంతా రాసి, నేను చేసింది ఒక్కటీ రాయకుండా వదిలేయడం అబద్ధమవుతుంది.

జూలైలో తొమ్మిదో నెల టీకాకు శ్రీకాకుళం వెళ్లాం. పిల్లల డాక్టరు గారు పెద్దాయన. కార్డు మీద గీత చూసి, పాపను మళ్లీ తూయించి, మళ్లీ కార్డు చూశారు. ఆరో నెల నుంచి బరువు పెరగలేదు. పాపను పరీక్షిస్తారనుకున్నాను. ఆయన నా వంక చూశారు.

"రోజుకి ఎన్నిసార్లు తింతన్నావమ్మా?"

నేను నోరు తెరిచేలోగా మావారు, కొంచెం వెయిట్ లాస్‌లో ఉంది సార్, డైట్ నేనే చూస్తున్నానని చెప్పారు.

"నాను మిమ్మల్ని అడగలేదు" అన్నారు డాక్టరు గారు.

ఒక్కపూట అని చెప్పాను. ఆయన నన్ను దగ్గరకు రమ్మని కనురెప్ప కింద, అరచేతులు, గొంతు చూశారు. అదే వీధిలో ఉన్న ఫిజీషియన్ మేడం గారికి చీటీ రాసి, బస్సెక్కేముందే చూపించుకోమన్నారు. పాపకు రోజుకు మూడుసార్లు గట్టి ఆహారం, పదిహేను రోజుల్లో మళ్లీ వెయిట్ చూపించాలన్నారు.

రక్తం ఇచ్చి రెండు గంటలు కూర్చున్నాం. టీఎస్‌హెచ్ అరవై ఎనిమిది. హిమోగ్లోబిన్ ఏడుంపావు. మేడం గారు కాగితం మీద అంకెల చుట్టూ గీత గీసి, ఐదులోపు ఉండాల్సింది అరవై ఎనిమిది ఉందని మావారికి చూపించారు. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ ఇలా దెబ్బ తింటుంది, పోస్ట్‌పార్టమ్ థైరాయిడైటిస్ అంటారన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "తిండి మానేసి కూడా బరువు పెరుగుతున్నావంటే తప్పు నీ నోటిది కాదమ్మా, గొంతులో గ్రంథిది" అన్నారు. పొట్ట చూపించమని పడుకోబెట్టి, తల పైకెత్తమని, బొడ్డు పైన మూడు వేళ్లు పెట్టారు. మూడూ దిగిపోయాయి. కండరాలు విడిపోయి ఉన్నాయి, డయాస్టాసిస్ అంటారని చెప్పి, ఏం వ్యాయామం చేస్తున్నావన్నారు. స్కిప్పింగ్, క్రంచెస్ అన్నాను. ఎవరు చేయించారని అడిగారు. నేను లేచి చీర సర్దుకున్నాను. మావారు రిపోర్టు మడత పెట్టారు.

తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపు కూర్చున్నారు. పాలకొండ రోడ్డు మీద సగం దూరం వచ్చాక, "నీకు సలేస్తందని, జుట్టు ఊడతందని ముందే సెప్పొచ్చు గదా" అన్నారు. నేను పాప తల మీద చెయ్యి పెట్టుకున్నాను. ఆయన అన్నదాంట్లో నాకు బాగా గుర్తున్నది ఈ ఒక్క మాటే. క్షమించమనలేదు. ఇప్పటికీ అనలేదు.

మాత్రలు మొదలయ్యాయి. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున, ఐరన్ మాత్ర మధ్యాహ్నం. రెండింటికీ మధ్య నాలుగు గంటలుండాలని మేడం గారు మరీమరీ చెప్పారు. అత్తగారు మాత్రం, అన్ని మందులూ ఒకేసారి వేసుకుంటే అయిపోతుందని, రెండూ కాఫీ గ్లాసుతోపాటు నా చేతిలో పెట్టేవారు. నాకు వాదించే ఓపిక లేదు. ఆరు వారాల తర్వాత మళ్లీ రక్తం తీస్తే టీఎస్‌హెచ్ నలభై ఒకటి. "ఇది సరిగ్గా దిగాల్సినంత దిగలేదు. ఏం తప్పు చేస్తున్నావు?" అని మేడం గారు కోప్పడ్డారు. ఇంటికొచ్చి చెబితే అత్తగారు, "రోగం పేరు సెప్పి పని తప్పించుకోడం నేర్సుకుంది" అని పక్కవాటా ఆవిడతో అన్నారు, నాకు వినపడేటట్టు.

ఆ వారమే మా నాన్న వచ్చారు. జూట్ మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, తక్కువ మాట్లాడతారు. నా ముఖం చూసి, గోడ మీద క్యాలెండర్లో ఎర్ర అంకెలు చూసి, ఇవేటని అడిగారు. నేను చెప్పాను. ఆయన టీ తాగకుండా లేచి, పాప బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టారు. మావారు బడి నుంచి వచ్చేసరికి మేం బస్టాండులో ఉన్నాం.

నెల్లిమర్లలో ఐదు నెలలున్నాను. అమ్మ మొదటి రోజు నా జుట్టుకు నూనె రాస్తూ చేతిలోకి వచ్చిన వెంట్రుకల ఉండ చూసి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. అక్కడ మాత్రలు వేరువేరుగా, టైముకు వేసుకున్నాను. విజయనగరంలో ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి పొట్టకు వ్యాయామం నేర్పింది. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, ఊపిరి వదులుతూ బొడ్డును వెన్నువైపు లాక్కోవడం. పదిసార్లు. అంతే. మొదటిరోజు ఇదేం వ్యాయామమని సిగ్గేసింది. మూడు వారాలకు లేచేటప్పుడు ఆ గట్టు పొంగడం తగ్గింది.

నడక వరండాలో ఐదు నిమిషాలతో మొదలుపెట్టాను. పాపను చంకనెత్తుకోకుండా, చెప్పులేసుకుని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వారానికి రెండు నిమిషాలు పెంచుకుంటూ వెళ్లాను. మూడుపూటలా తిన్నాను. అన్నం ఒక గిన్నె, పప్పో చేపో, ఆకుకూర. మొదటి రెండు నెలలు ఒక్క కేజీ కూడా తగ్గలేదు. చూపించుకోవడానికి శ్రీకాకుళం వెళ్తే మేడం గారు అదే మంచిదన్నారు, ముందు రక్తం నిండాలి, పాలు రావాలి. పాలు పూర్తిగా రాలేదు. ఏడాది దాటాక పాప పాలు మానేసింది. కానీ దాని కార్డు మీద గీత మళ్లీ పైకి లేచింది. అది చూసిన రోజు హాస్పిటల్ బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

తిరిగి రాజాం ఎందుకు వెళ్లావని అడిగినవాళ్లున్నారు. సమాధానం నాకే పూర్తిగా నచ్చదు. పాపకు నాన్న కావాలి, నాకు అక్కడ ఒక బడిలో ఉద్యోగం దొరికింది, ఆయన రెండుసార్లు వచ్చి పిలిచారు. అత్తగారి ముందు ఒకే మాట చెప్పి లోపలికి అడుగుపెట్టాను: నా కంచంలో ఏముందో ఇక ఎవరూ చూడకూడదు. ఆయన తలూపారు. అత్తగారు ఊపలేదు గానీ, చూడటం మానేశారు.

ఇప్పుడు పాపకు రెండున్నరేళ్లు. కాస్త సన్నంగా ఉంటుంది, మాటలు మాత్రం ఎక్కువ. నా థైరాయిడ్ మాత్ర సగం డోసుకు వచ్చింది. ఏడాదిన్నరలో పదకొండు కేజీలు తగ్గాను. పెళ్లినాటి బరువుకు ఇంకా ఆరు ఎక్కువే, అది అలాగే ఉండనీ అనుకుంటున్నాను.

పోయిన నెల మావారి స్కూల్లో లెక్కల మాస్టారు భార్యను తీసుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ అమ్మాయికి నాలుగు నెలల బిడ్డ. ఎలా తగ్గించాలో చెప్పండి సార్ అని అడిగాడు. మావారు కుర్చీలో వెనక్కి వాలి, "మా ఆవిడని తగ్గించింది నానే. మొదట్ల రాత్రి తిండి ఆపీయాల" అని మొదలుపెట్టారు. ఆ అమ్మాయి తల దించుకుని చీర కొంగుతో పొట్ట కప్పుకుంది.

"తిండి ఆపితే నాను తగ్గలేదు. మా పాప సిక్కిపోయింది" అన్నాను. తర్వాత ఆ అమ్మాయి పక్కన కూర్చుని, పరీక్షల పేర్లు చీటీ మీద రాసిచ్చాను. మావారు లేచి బయటికి వెళ్లిపోయారు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ నేను మూడుపూటలా తిన్నాను.

ఇది చదివే పచ్చిబాలింతలకు నేను చెప్పేది ఒక్కటే. బరువు తగ్గే పని ఏదైనా మొదలుపెట్టే ముందు టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్ చేయించుకోండి. ఆ కాగితం డాక్టరు చూసి మాట చెప్పేదాకా, ఎవరు ఎంత అన్నా ఒక్క పూట కూడా మానకండి.