అన్న కలిపిన మజ్జిగ

మా అన్న డయాలిసిస్‌కు పోవడం మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో ఎవరమూ ఆయన కళ్ళ ముందు నీళ్ళు తాగలేదు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. రోజుకు ఒక చిన్న గ్లాసుకు మించి తాగకూడదని డాక్టరు చెప్పిన రోజు, వదిన మంచినీళ్ళ కుండను వసారాలోంచి తీసి పెరట్లో పెట్టింది, అంతే. దప్పిక వేస్తే ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళేవాళ్ళం. గ్లాసు చప్పుడు కాకుండా తాగి, మూతి తుడుచుకుని లోపలికి వచ్చేవాళ్ళం.

మాది బద్వేలు. అన్నదమ్ములిద్దరమూ మగ్గం మీద బతికినవాళ్ళమే. నా బడి చదువు ఏడో తరగతితో ఆగింది. తక్కిన చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో జరిగింది, ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ ఇష్టం. అన్న జబ్బు పడ్డాక అక్కడున్న ఆరోగ్యం పుస్తకాలన్నీ వరసపెట్టి చదివాను. మూత్రపిండం రక్తాన్ని ఎలా వడకడుతుందో, అది పనిచేయకపోతే తాగిన నీరు ఒంట్లోనే ఎలా నిలిచిపోతుందో అన్నకు బొమ్మ గీసి మరీ వివరించాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుండాది. చిక్కుడు గింజ మాదిరి. ఇంత చదివినావు గదా, ఎండిపోయిన గింజను మల్లా మొలిపించేది ఏ పుస్తకంలో ఉండాదో సూడప్పా" అన్నాడు.

వారానికి రెండుసార్లు ఆయన బస్సులో కడపకు పోయి రావాలి. తిరిగి వచ్చేటప్పుడు చేతికి కట్టుతో, ఒంట్లో సత్తువ లేకుండా, సీటు దొరక్కపోతే కడ్డీ పట్టుకుని నిలబడాలి. మా ఊరి నుంచి అలా పోయి వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళందరి కోసం ఒక వ్యాను కొనాలని బజారు వ్యాపారులూ కాలేజీ కుర్రవాళ్ళూ కలిసి పరుగు పందెం పెట్టారు. పరిగెత్తేవాళ్ళు కట్టే రుసుము వ్యానుకు పోతుంది. కుర్రవాళ్ళ పరీక్షలు అయిపోయేదాకా ఆగడంతో ఆ పందెం నడి వేసవిలో వచ్చి పడింది.

నేనూ పేరు ఇచ్చాను. ఆ సంగతి తెలిసి అన్న చాలాసేపు నవ్వాడు.

"మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూసునేటోనివి, రోడ్డు మీద పరిగెత్తుతావా?"

"మగ్గం తొక్కీ తొక్కీ నా కాళ్ళు ఇనుమైనాయన్నా."

"ఇనుమే ఎండకు ముందు కాలేది."

గ్రంథాలయంలో దూరపు పరుగుల గురించి ఒక పుస్తకం దొరికింది. మొదటి పుటలు చిరిగిపోవడంతో పరుగు ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు గానీ, ఎలా ముగించాలో బాగా తెలిసింది. దప్పిక కాకముందే కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలని అందులో ఉంది. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, దాని కింద గీత గీయాలనిపించింది. అందరి పుస్తకం కాబట్టి గీయలేదు.

ఆ రోజు తెల్లవారకముందే బస్టాండు దగ్గర చేరాం. ముఖ్య అతిథి వచ్చేసరికే ఎండ వచ్చింది. చివరికి ఆ అతిథి, బట్టల కొట్టు పెద్దాయన, జెండా ఎత్తాడు. సరిగ్గా అప్పుడే జనంలో ఎవరో తుమ్మారు. ఒక్కటే తుమ్ము. ఆయన జెండా దించేశాడు.

"ఎవరప్పా ఆ పుణ్యాత్ముడు? ఇంగొగటి తుమ్ము, పోతాం" అని ఎవరో అన్నారు.

రెండో తుమ్ము రాలేదు. కాసేపు కూర్చుని లేద్దామన్నాడు పెద్దాయన. అందరమూ రోడ్డు మీదే కూర్చున్నాం. ముక్కులో దుమ్ము చేరితే తుమ్ము వస్తుందని చదివినవాణ్ణే నేను. అయినా, అన్న కోసం చేస్తున్న పనికి ఎందుకొచ్చిన గొడవలే అని నేనూ కూర్చున్నాను.

అలా బయలుదేరేసరికి తారు వేడెక్కింది. కడప రోడ్డు మీద కొంత దూరం పోయి, అక్కడ పెట్టిన డ్రమ్మును చుట్టి వెనక్కి రావాలి. ఊరు దాటాక రెండు పక్కలా కంప చెట్లే, వాటికి నీడ ఉండదు. కుర్రవాళ్ళు ఎప్పుడో కనపడకుండా పోయారు. నా ఊపిరి నాకే రంపం కోసినట్టు వినిపిస్తోంది. డ్రమ్ము దగ్గర వేపచెట్టు కింద మజ్జిగ పోస్తారని చెప్పారు. దాన్నే తలుచుకుంటూ పరిగెత్తాను.

తీరా అక్కడికి చేరితే గంగాళం పక్కన నిలబడి ఉన్నది మా అన్న. పొద్దున ఇంట్లో, తాను పడుకుంటానని చెప్పిన మనిషి. వదిన గ్లాసులు కడుగుతోంది.

"దా, దా. ముసలోల్లంతా పోయినాంక వచ్చినావు" అని గ్లాసు చాపాడు.

నాలుక అంగిటికి అతుక్కుపోయి ఉంది. అయినా చేయి ముందుకు రాలేదు. ఇన్నాళ్ళ అలవాటు.

"నాకు దప్పి లేదన్నా" అని, డ్రమ్మును చుట్టి వెనక్కి పరుగు తీశాను.

ఎంతో దూరం పోలేదు. ఎండకు తెల్లగా మెరుస్తున్న రోడ్డు కళ్ళ ముందు నల్లబడింది. కల్వర్టు గోడ చేతికి తగిలితే దాని మీద కూలబడ్డాను. కాసేపటికి తల ఎత్తి చూస్తే, అన్న ఎండలో నడిచి వస్తున్నాడు. నెత్తిన తువ్వాలు, కుడిచేతిలో లోటా. సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బిపోయిన ఎడమచేయి ఛాతీకి ఆనించుకుని, మజ్జిగ తొణకకుండా అడుగులో అడుగు వేస్తున్నాడు. ఎదురు వెళ్దామంటే నా కాళ్ళు లేవలేదు.

"తాగు" అన్నాడు.

"నువ్వు నీడకు పో అన్నా. నేను తాగుతాలే."

"నేను పోయినాంక తాగుతావా? పెరట్లో తాగినట్ల?"

చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాను.

"కుండ యాడ పెట్టినారో నాకు తెలీదనుకుంటాండారా? తడిసిన మట్టి వాసన వసారా దాకా వస్తాది. నువ్వు పోతావు, నీ పెండ్లాం పోతాది, మీ వదిన పోతాది. అందరూ మూతి తుడుసుకుంటా వస్తారు. దొంగల కొంపలో ఉన్నట్టుండాది నాకు."

"నీకు కష్టమైతాదని..."

"నా దప్పి నాది. మీరు పంచుకుంటే తగ్గేది గాదు అది." ఆయనకు ఆయాసం వచ్చి కాస్త ఆగాడు. "పొద్దున్నుంచి ఈడ ఎంతమందికి పోసినానో. ఒగాయప్ప గటగటా తాగి చొక్కా మీదంతా పోసుకున్యాడు. సూస్తాంటే ఎంత సల్లగా ఉండాదో తెలుసునా? నా తమ్ముడొగడే తాగకుండా పోయినాడు."

ఇక ఆయన్ని ఎండలో నిలబెట్టలేక లోటా అందుకున్నాను. ఆయన నా గొంతు వైపే చూస్తున్నాడు. మొదటి గుక్క దిగడం కష్టమైంది. తర్వాత ఆపలేకపోయాను.

"మెల్లిగా తాగు, యాడికీ పోదు" అన్నాడు. లోటా ఖాళీ అయ్యాక అడిగాడు. "ఉప్పు ఎట్లుండాది? నేనే కలిపినా. నాకు ఉప్పు గూడా వద్దన్నారు గదా, రుచి సూడలేదు. అడిగినోల్లంతా బాగుండాదనే అన్నారు. నువ్వు నిజం చెప్పు."

"శానా ఎక్కువైందన్నా. సముద్రం నీళ్ళ మాదిరి ఉండాది."

"సముద్రం నీళ్ళు నువ్వు యాడ తాగినావు?"

"పుస్తకంలో చదివినా."

ఆయన నవ్వాడు. నిలబడలేక నా పక్కన గోడ మీద కూర్చుని మరీ నవ్వాడు. "ఇంతసేపూ అందరికీ సముద్రం తాపినా నేను. ఒగడన్నా చెప్పినాడా" అన్నాడు.

కాళ్ళలోకి కొంచెం సత్తువ వచ్చాక లేచి, ఆయన భుజం పట్టుకుని వేపచెట్టు దాకా వెనక్కి నడిపించుకుని పోయాను. నా వెనకున్న నలుగురూ మమ్మల్ని దాటి ఊరి వైపు వెళ్ళిపోయారు. అన్న గంగాళంలో బిందెడు నీళ్ళు కుమ్మరించి, గరిటెతో తిప్పి, లోటా నింపి ఇచ్చాడు. ఆయన ఎదురుగా నిలబడి తాగాను.

"ఇప్పుడు?"

"ఇంగా రోంత నీళ్ళు పొయ్యాల" అన్నాను.

వదిన ఇంకో బిందె తేవడానికి లేచింది.