మందు అందని చోటు

మొన్న ఆర్మూర్‌లో ఎరువుల కొట్టు ముందు ఒక రైతు ప్లాస్టిక్ డ్రమ్ములో చిక్కటి గంజి పోసి, పసుపు విత్తనానికి పట్టించే మందు వేసి కర్రతో తిప్పుతున్నాడు. గంజి నిదానంగా కదులుతూ బరువైన చప్పుడు చేస్తోంది. పులిసిన వాసనా, మందు ఘాటూ కలిసి ముక్కుకు తగిలాయి. నాకు అక్కడ నిలబడాలనిపించలేదు. గంగామణి మేడం పోయి అప్పటికి నాలుగు నెలలు.

మేడం మా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. నేను విలేకరినయ్యాక, విత్తన మందును గంజిలో బాగా కలిపే పద్ధతి చెబుతున్నారని విని వార్త కోసం ఒకరోజు ల్యాబుకు వెళితే, "రా శ్రీనివాస్. ప్రాక్టికల్స్‌ల నీకు పడ్డ మార్కులు సగం నా దయనే, యాదున్నదా?" అని నవ్వారు. బల్ల మీద గాజు జాడీ, దాని నిండా గంజి. అందులో ఒక చుక్క ఎర్రరంగు వదిలి గరిటెతో గుండ్రంగా తిప్పారు. రంగు సాగి వలయమైంది. ఎంత తిప్పినా ఆ వలయం దాటి పోలేదు.

"నీళ్లయితే సుడి లేచి కలిసిపోతయ్. గిది చిక్కగుంటది, నిమ్మళంగ కదుల్తది. ఏ పొర దారిల గా పొర పోతది. గుండ్రంగ తిప్పితే పొద్దుందాక తిప్పినా గింతే."

తర్వాత ఒకసారి పక్కకు తిప్పి, ఒకసారి అడుగునుంచి పైకి లాగారు. మళ్లీ పక్కకు, మళ్లీ పైకి. రంగు సాగి, మడతపడి, మడత మీద మడతగా సన్నబడింది. కాసేపటికి పైనంతా ఒకటే గులాబీ రంగు.

"కలిసిపోయింది మేడం!" అన్నాను.

"పైనుంచి చూస్తే గట్లనే ఉంటది. పక్కకెళ్లి చూడు."

వంగి గాజులోంచి చూశాను. లోపల గారె ఆకారంలో తెల్లటి ముద్ద ఒకటి తన చుట్టూ తాను తిరుగుతోంది. రంగు దాని అంచు దాకా వచ్చి ఆగిపోతోంది. "తిప్పుడు మారిస్తే గీ ముద్ద జాగ మారుస్తది, చిన్నగైతది. పూరా పోయే తిప్పుడు ఉన్నదా లేదా అని ఎన్నేండ్లనుంచో వెతుకుతున్న. దొరకలే. పేపర్ల ఏం రాసినా గీ మాట మాత్రం రాయి. లోపల మందు అందని చోటు మిగుల్తది. డ్రమ్ముల అది కనపడది."

రాశాను. ఆఖరి వాక్యంగా రాసి, పంపేముందు కొట్టేశాను. అది ఉంటే వార్త చప్పబడుతుందనిపించింది. పసుపు విత్తనానికి మేడం చెప్పిన కొత్త పద్ధతి అని జిల్లా పేజీలో పెద్దగా వచ్చింది. నాలుగు రోజులు అందరూ మెచ్చుకున్నారు.

వానాకాలం చివర రాజన్న అనే రైతు ల్యాబుకు వచ్చాడు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఆయనది మోర్తాడ్ దగ్గర ఊరు. దుబాయి కూలికి ఇక పోవద్దని తిరిగొచ్చి, కౌలు భూమిలో పసుపు వేశాడు. సంచిలోంచి కుళ్లిన దుంపలు బల్ల మీద పెట్టాడు.

"పేపర్ల వచ్చినట్టే తిప్పిన మేడం. కొన్ని సాళ్లల్ల మొలకలు మాడిపోయినయ్, కొన్నిట్ల గిట్ల కుళ్లినయ్. తప్పేడ జరిగిందో జర చూడుండ్రి."

మేడం ఒక దుంప విరిచి చూశారు. నా వైపు చూడలేదు.

"మందు ఎక్కువైన కాడ మాడినయ్, అందని కాడ కుళ్లినయ్. తప్పు నాది రాజన్నా. లోపల మందు కలవని ముద్ద మిగుల్తదని నీకు చెప్పాల్సింది. చెప్పలే."

ఆయన కోప్పడలేదు. "అయితే మల్ల దుబాయే" అని ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"గా ఆఖరి మాట ఎందుకు తీసేసినవ్?" అన్నారు మేడం.

"జాగ లేకుండె మేడం."

"ఒక్క లైన్‌కా?"

మేడమే మళ్లీ అన్నారు, "నీ పేరు చెప్తే నీ కొలువు పోతుండె. నాది సర్కారు కొలువు, పోదు. సవరణ ఎయ్యి. వచ్చే ఏడన్నా ఎవరూ గిట్ల కావద్దు."

వేస్తానన్నాను. వేయలేదు. మొదటి వారం భయం. తర్వాత, ఇప్పుడెందుకు లే అనిపించింది. ఊళ్లలో ఆమెను 'గంజి మేడం' అనడం మొదలైంది. పిల్లల్ని చేర్పించడానికి వచ్చినవాళ్లు కూడా నవ్వుకునేవారు. జాడీ బీరువాలోకి పోయింది. తర్వాత ఎప్పుడు కలిసినా నన్ను సవరణ సంగతి అడగలేదు. రిటైరై నిజామాబాద్ వెళ్లిపోయారు.

ఆమె చనిపోయాక రాజన్న ఇంటికి వెళ్లాను. ఆయన దుబాయిలోనే ఉన్నాడు. ఆయన భార్య గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. నేనెవరో చెప్పి, మేడం ఆ మాట చెప్పారనీ, తీసేసింది నేననీ, నా పేరు దాచడానికే ఆమె తప్పు మీదేసుకున్నారనీ మొత్తం చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"సచ్చినంక అందరు మంచోళ్లే సారూ. తప్పు నాదేనని గామె నోటితోనే ఒప్పుకున్నదంట. మా ఆయన అబద్ధమాడుతడా?"

"లేదమ్మా, ఆయన చెప్పింది నిజమే, కానీ..."

"మరింకేంది? గామె పేరు మా ఇంట్ల తియ్యకుండ్రి."

చేట ఎత్తుకుని లోపలికి వెళ్లింది. తప్పు తనదని మేడం అప్పుడన్న మాటే ఇప్పుడు రాజన్న భార్యకు సాక్ష్యం. నేను వేయని సవరణ ఒక్కటే దానికి ఎదురు నిలిచేది. ఆ గడప ముందు ఇంకాసేపు నిలబడ్డాను. లోపలినుంచి ఎవరూ రాలేదు.